అంతా గ్యాసేనా? బుక్క గొంతు దిగాక ఏం జరుగుతుంది

ఆదివారం పొద్దున హన్మకొండలోనో కాజీపేటలోనో ఒక మటన్ దుకాణం ముందు కాసేపు నిలబడితే జీర్ణవ్యవస్థ సగానికి పైగా కళ్ల ముందే కనిపిస్తుంది. కొక్కేనికి కార్జం, పక్కన తిల్లి, కింద బకెట్లో బోటీ. బోటీ అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో ఉన్నవి ఒక్క రకం ముక్కలు కావు. తువ్వాలులా నూగు నూగుగా ఉండేది ఒకటి, తేనెపట్టులా గళ్లు పడి ఉండేది ఇంకొకటి, పుస్తకం పేజీల్లా మడతలు మడతలుగా ఉండేది మరొకటి. ఈ మూడూ మేక పొట్టలోని గదులు. నున్నగా, జిగటగా ఉండే నాలుగో గది అసలు పొట్ట, మన జీర్ణాశయంలా ఆసిడ్ ఊరేది అక్కడే. ఆ తర్వాత మూరల కొద్దీ సాగే పేగు. వేడినీళ్లలో ముంచి, కత్తితో గీకి, పసుపూ ఉప్పూ పట్టించి నాలుగైదు నీళ్లకు కడిగితే గానీ వాసన వదలదు. ఇంట్లో బోటీ కడిగే చేతులకు ఏ ముక్క ఎక్కడిదో చూడకుండానే తెలుస్తుంది.

మేక, గొర్రెల చిన్నపేగు పాతిక మీటర్ల దాకా సాగుతుంది. వాటికన్నా బరువైన మనిషికి ఉన్నది సుమారు ఆరు మీటర్లే. అదీ చనిపోయాక కండరాలు వదులయ్యాక కొలిస్తే. బతికున్న మనిషిలో బిగువుగా ఉంటుంది కాబట్టి ఇంకా పొట్టిగా, మూడు నుంచి ఐదు మీటర్ల మధ్యలో ఉంటుంది. గడ్డిలోని సెల్యులోజును విడగొట్టే ఎంజైమ్ మేకకూ లేదు, మనకూ లేదు. మేక తన పొట్టలో సూక్ష్మజీవులను పెంచుకుని వాటితో ఆ పని చేయించుకుంటుంది, అందుకే అన్ని గదులు, అంత పేగు. మనిషి సగం జీర్ణక్రియను పొయ్యి మీదే కానిస్తాడు. ఉడికిన బియ్యంలో పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బి, విచ్చుకుని ఉంటుంది కాబట్టి లోపల పని తేలికవుతుంది.

ఇంతకీ చెప్పదలచుకున్నది మేక గురించి కాదు. బోటీలో ఇన్ని తేడాలు పోల్చగలిగిన మనమే సొంత కడుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెడతాం: గ్యాస్. రొమ్ములో మండితే గ్యాస్, పుల్లటి తేన్పు వస్తే గ్యాస్, పొట్ట ఉబ్బితే గ్యాస్, కుడి పక్కటెముకల కింద పట్టేసినా గ్యాసే, చివరికి వీపులో పోటు వచ్చినా గ్యాసే. మెడికల్ షాపులో "గ్యాస్ గోలి" అని అడిగితే ఒక గోలి చేతిలో పెడతారు. నోటి నుంచి కింది దాకా ఉన్న దారిలో ఈ ఫిర్యాదులు ఒక్కోటి ఒక్కో మజిలీలో పుడతాయి, కారణాలూ వేరు. ఆ దారి తెలిస్తే ఆ ఒక్క మాట నాలుగైదు మాటలుగా విడిపోతుంది.

పని నోట్లో బుక్క పడకముందే మొదలవుతుంది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసికే వాసనకే నోట్లో నీళ్లూరతాయి, అదే సమయంలో జీర్ణాశయంలో ఆసిడ్ కూడా ఊరడం మొదలవుతుంది. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికే. గంట కొడితే కుక్కకు లాలాజలం ఊరడం అనే ప్రయోగం ఆ పనిలోంచే పుట్టింది. మూడు జతల గ్రంథులు కలిసి రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరిస్తాయి. అందులోని అమైలేజ్ పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడుతుంది. ఉత్త అన్నం ఒక్క బుక్క నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు నమిలితే తియ్యగా తగలడం దీనివల్లే. అన్నం మనం అంతసేపు నమలం. జొన్న రొట్టె, సర్వపిండి మాత్రం నమలనిదే దిగవు, ఆ రకంగా అవి లాలాజలానికి దాని వంతు పని ఇస్తాయి.

మింగడం ఒక క్షణం పని అనిపిస్తుంది గానీ అక్కడ ఒక కూడలి ఉంది. గొంతులో గాలి దారీ అన్నం దారీ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మింగే క్షణంలో స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీదికి ఉపజిహ్విక అనే రేకు మూతలా వాలుతుంది, ఊపిరి ఆగుతుంది. తింటూ నవ్వినా మాట్లాడినా ఈ లెక్క తప్పి మెతుకు గాలి దారిలో పడుతుంది. అదే పొలమారడం. ఎవరో తలుచుకుంటున్నారని పెద్దవాళ్లు మాడు మీద తడతారు. తలుచుకునేవాళ్ల సంగతేమో గానీ, ఆ దగ్గు మాత్రం ఊపిరితిత్తులను కాపాడే దగ్గు, దాన్ని ఆపకూడదు.

అక్కడి నుంచి ఆహారవాహిక, సుమారు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. బుక్క అందులో బరువుకు జారిపోదు. వెనక బిగుస్తూ ముందు వదులవుతూ ఒక అల దాన్ని ఎనిమిది పది సెకన్లలో కిందికి నెట్టుకుపోతుంది. తలకిందులుగా వేలాడుతూ మింగినా అది పొట్టలోకే చేరుతుంది. ఆహారవాహిక చివర, జీర్ణాశయం మొదట్లో గుండ్రటి కండరం ఒకటి గుమ్మంలా ఉంటుంది. బుక్క వచ్చినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. అది వదులైతే పొట్టలోని ఆసిడ్ పైకి తన్నుతుంది. జీర్ణాశయానికి ఆసిడ్‌ను తట్టుకునే జిగురు పొర ఉంది, ఆహారవాహికకు అలాంటిది లేదు. రొమ్ములో మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు రావడం ఇక్కడి గొడవ. రాత్రి పదింటికి దావత్‌లో బగారన్నం, మటన్ దండిగా తిని పదిన్నరకు పక్క మీద వాలేవాళ్లకు ఇది బాగా తెలిసిన మంట. పొట్ట నిండుగా ఉండి మనిషి అడ్డంగా పడుకుంటే ఆ గుమ్మం మీద ఒత్తిడి పెరుగుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం, తల వైపు మంచం కాస్త ఎత్తు చేసుకోవడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి గోలీ అవసరాన్నే తగ్గిస్తాయి.

తేన్పు మాత్రం వేరే లెక్క. అందులో ఉండేది ఎక్కువగా మనం మింగిన గాలే. గబగబా తినేటప్పుడు, టీ జుర్రుకునేటప్పుడు, అంబర్ లాంటి పొగాకు నములుతూ ఉమ్మి మింగేటప్పుడు గాలి కూడా లోపలికి పోతుంది. ఇక గ్యాస్ పోవాలని సోడా తాగేవాళ్ల సంగతి. బుస్సున ఒక పెద్ద తేన్పు వస్తుంది, హమ్మయ్య అనిపిస్తుంది. ఆ వచ్చిన గ్యాసులో చాలా భాగం అప్పుడే తాగిన సోడాలోదే!

ఈ మజిలీలోనే ప్రాణం మీదికి వచ్చే పొరపాటు జరుగుతుంది. ఆహారవాహిక నుంచీ గుండె నుంచీ నొప్పిని మోసుకొచ్చే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గరి చోట్లలోనే చేరతాయి. నొప్పి ఏ అవయవానిదో మెదడు సరిగా పోల్చుకోలేదు. గుండెపోటు మొదలైన మనిషి గ్యాస్ గోలి వేసుకుని, వాము నీళ్లు తాగి, ఇంకో గంట చూద్దామని పడుకోవడం ప్రతి ఊళ్లోనూ విన్నదే. రొమ్ములో బరువుతో పాటు చెమటలు పట్టడం, ఆయాసం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం కనిపిస్తే అది గ్యాసో కాదో ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు, వెంటనే ఈసీజీ తీయించాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ లక్షణాలు కూడా సరిగా కనిపించకపోవచ్చు, ఆయాసం, నీరసమే ముందు రావచ్చు.

జీర్ణాశయం లోపల ఏం జరుగుతుందో మనిషి కళ్లారా చూసింది ఒక ప్రమాదం పుణ్యాన. 1822 జూన్‌లో ఉత్తర అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడవ కూలీకి పొరపాటున తుపాకీ గుండు తగిలింది. గాయం మానింది గానీ పొట్టలోకి ఒక రంధ్రం మిగిలిపోయింది. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ పట్టుదారానికి మాంసం ముక్క, రొట్టె ముక్క కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలి, గంటకోసారి బయటికి లాగి చూసేవాడు. పొట్ట రసాన్ని గాజు సీసాలో పోసి అందులోనూ మాంసం కరగబెట్టాడు. జీర్ణక్రియ ఒక రసాయన చర్య అని అలా రుజువైంది. ఆ మనిషికి కోపం వచ్చినప్పుడు జీర్ణం మారిపోతోందని కూడా బోమాంట్ రాసుకున్నాడు. ఆ పరిశీలనలన్నీ 1833లో అచ్చయ్యాయి. పాపం, సెయింట్ మార్టిన్‌కు మాత్రం ఈ పరీక్షలు ఎన్నడూ నచ్చలేదు.

ఆ రసం రోజుకు రెండు లీటర్ల దాకా ఊరుతుంది. ఆసిడ్ పీహెచ్ ఒకటిన్నర, రెండు మధ్య, అంటే నిమ్మరసం కన్నా ఘాటు. ఆహారంతో వచ్చిన క్రిముల్లో చాలావాటిని అది చంపుతుంది, మాంసకృత్తుల ముడులు విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతుంది. ఆసిడ్ ఊరించే కణాలే ఇంకో పదార్థాన్ని కూడా వదులుతాయి, అది లేకపోతే బీ12 విటమిన్ ఒంటికి పట్టదు. మాంసం ముక్కనే కరిగించే రసం పొట్ట గోడను ఎందుకు కరిగించదు? గోడ మీద జిగురు పొర ఉంటుంది, ఆ పొర కింద ఆసిడ్‌ను విరిచే బైకార్బొనేట్ ఉంటుంది. ఈ రక్షణ చెదిరితేనే అల్సర్.

దాన్ని చెదరగొట్టేది ఎవరు అనే ప్రశ్నకు మన దగ్గర అందరూ చెప్పే జవాబు కారం. వరంగల్‌లో ఆ మాట అనడం తేలిక. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల మధ్య నడిస్తే చాలు, తుమ్ములూ దగ్గూ ఆగవు. మిర్చిలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. నిజంగా కాలకపోయినా కాలినట్టు మెదడుకు కబురు పోతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అవే గ్రాహకాలు దారి పొడవునా, ఆ చివరన కూడా ఉన్నాయి. తేజ మిర్చి రెండుసార్లు మండుతుందనే జోకుకు శరీరశాస్త్రం ఒప్పుకుంటుంది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి మంటకు చెంబుడు నీళ్లు తాగినా లాభం తక్కువ, పెరుగో పాలో పనిచేస్తాయి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చిలో రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, దాంతో ఈ బాధ అంతగా ఉండదు.

అయితే కారం అల్సర్ పుట్టిస్తుందనే మాటకు ఆధారం లేదు. ఉన్న పుండును మండించగలదు, అంతే. అల్సర్లకు పెద్ద కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ మాట చెప్పినప్పుడు అంత ఆసిడ్‌లో క్రిమి ఎలా బతుకుతుందని చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను పెంచిన ద్రావణాన్ని తానే తాగి, కొద్ది రోజుల్లో కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ దక్కింది. రెండోది నొప్పి గోలీలు. పత్తి ఏరి, మిర్చి ఏరి నడుములు పడిపోయిన రోజుల్లో డైక్లోఫెనాక్ లాంటి గోలి తెచ్చుకుని ఉత్త కడుపున వేసుకోవడం పల్లెల్లో మామూలైపోయింది. నొప్పి పుట్టించే పదార్థాల తయారీని ఆ గోలి ఆపుతుంది, సరే. పొట్టలో జిగురు పొరను నిలబెట్టేవి కూడా ఆ కుటుంబం పదార్థాలే, వాటినీ ఆపేస్తుంది. నెలల తరబడి గోలీలు మింగి, కడుపులో మంట వస్తే కూరలో కారం తగ్గించడం దొంగను వదిలేసి పక్కింటివాణ్ని పట్టుకోవడమే. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో నెత్తురు కనిపించడం లోపల పుండు నెత్తురు కారుతోందనడానికి గుర్తులు, అప్పుడు ఆలస్యం కూడదు.

ఇక గ్యాస్ గోలి. ఓమెప్రజోల్, ప్యాంటొప్రజోల్ లాంటివి ఆసిడ్‌ను బయటికి తోడే పంపులను మూసేస్తాయి. గ్యాస్ అనేదానితో వాటికి ఏ సంబంధమూ లేదు! అన్నం తినబోయే ముందు పంపులు పనిలోకి దిగుతాయి కాబట్టి అరగంట ముందు వేసుకుంటేనే అవి సరిగా పనిచేస్తాయి. రొమ్ములో మంటకు, పుండుకు అవి మంచి మందులే. శనగపప్పు తిని పొట్ట ఉబ్బినవాడు వేసుకుంటే మాత్రం ఉపయోగం లేదు. ఎవరూ చెప్పకుండానే ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం కూడా ఉంది.

జీర్ణాశయం నుంచి బయటికి పోయే గుమ్మం దగ్గర ఈ నేల మీది పోలిక ఒకటి గుర్తుకొస్తుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువుల్లో నీళ్లన్నీ ఒక్కసారి వదలరు. తూము ఎంత ఎత్తితే అంతే కాలువలోకి పోతాయి. కింది పొలాలు నిండితే తూము దించుతారు. జీర్ణాశయం చివర పైలోరస్ అనే కండరం చేసేది అదే పని. పొట్ట అన్నాన్ని పిసికి అంబలిలా చేశాక చెంచాడు చెంచాడుగా చిన్నపేగులోకి వదులుతుంది. కింద ఆసిడ్ ఎక్కువైనా, నూనె ఎక్కువైనా చిన్నపేగు నుంచి కబురు వచ్చి తూము దిగిపోతుంది. సంక్రాంతి సకినాలు పది తిన్న పిల్లాడు మధ్యాహ్నం అన్నం వద్దనేది మారాం కాదు, నూనె తగిలాక తూము ఇంకా పూర్తిగా ఎత్తలేదు. మామూలు భోజనం దిగడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, నూనె దండిగా ఉంటే ఇంకా ఎక్కువ.

ఆ కబురు ఎలా పోతుందన్నది చాలాకాలం తేలలేదు. అన్నీ నరాల ద్వారానే అనుకునేవాళ్లు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు వెళ్లే నరాలను తెంపి చూశారు. అయినా అక్కడ ఆసిడ్ పడగానే క్లోమం (ప్యాంక్రియాస్) రసం వదిలింది. అంటే కబురు నెత్తురులో పోతోంది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, మూడేళ్ల తర్వాత స్టార్లింగ్ ఇలాంటి పదార్థాలన్నిటికీ హార్మోన్ అనే మాట వాడాడు. ఇవాళ థైరాయిడ్ నుంచి ఇన్సులిన్ దాకా మనం వాడే ఆ మాట పుట్టింది పేగులోంచే.

చిన్నపేగు మొదటి 25 సెంటీమీటర్లను ఆంత్రమూలం అంటారు. పొట్ట ఆసిడ్‌ను విరిచే బైకార్బొనేట్ రసం, మాంసకృత్తులనూ కొవ్వునూ పిండినీ విడగొట్టే ఎంజైమ్‌లు క్లోమం నుంచి ఇక్కడికే వస్తాయి, రోజుకు లీటరున్నర. కార్జం నుంచి పైత్యరసం వస్తుంది. గిన్నెకు పట్టిన జిడ్డును సబ్బు విడగొట్టినట్టు అది నూనెను సన్నని చుక్కలుగా చేస్తుంది. తినని సమయంలో ఆ రసం పిత్తాశయంలో చిక్కబడి నిలవ ఉంటుంది. అందులో రాళ్లు కట్టినవాళ్లకు నూనె వంట తిన్న గంటా రెండు గంటల్లో కుడి పక్కటెముకల కింద పట్టేస్తుంది, నొప్పి కుడి భుజం దాకా పాకుతుంది. దీన్నీ గ్యాసే అంటారు. పైత్యరసం దారి మూసుకున్నా, కార్జం వాచినా కళ్లు పచ్చబడతాయి. పచ్చకామెర్లు పసరుతో తగ్గాయనే మాట వెనక చిన్న మర్మం ఉంది: కలుషిత నీళ్లతో వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు పోతుంది. దారికి రాయి అడ్డం పడి వచ్చిన కామెర్లకు పసరుతో వారాలు గడిపితే నష్టం మాత్రం మిగులుతుంది.

తిన్నది నిజంగా ఒంటికి పట్టేది చిన్నపేగులోనే. దాని లోపలి గోడ మడతలు పడి ఉంటుంది, మడతల మీద మిల్లీమీటరు కూడా లేని, చూషకాలు అనే సన్నని వేళ్లు, ఒక్కో చూషకం మీది కణాలకు ఇంకా సన్నని నూగు. మొత్తం పరిస్తే టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పటికీ చాలాచోట్ల అదే చెబుతారు. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ లెక్కవేస్తే మొత్తం జీర్ణనాళం లోపలి గోడ 30 చదరపు మీటర్ల పైచిలుకు, అంటే సగం బాడ్మింటన్ కోర్టంత తేలింది. తగ్గినా అది ఒక పెద్ద గది నేలంత. ఆ గోడ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఉన్న పేగు పొర సద్దుల బతుకమ్మ నాటికి రెండుసార్లు మారి ఉంటుంది. సద్దుల నాడు తినే నువ్వుల పొడి, మలీద ముద్దలను పీల్చుకునేది కొత్త పొర.

ఈ చూషకాలు అరిగి చదునైతే తిన్నా పట్టదు, మనిషి ఎండిపోతాడు. అలాంటి జబ్బుల్లో ఒకటి స్ప్రూ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ని అది బలి తీసుకుంది, ఆయన్నీ పీడించింది. అమెరికా వెళ్లిన ఆ తెలుగు శాస్త్రవేత్త నాయకత్వంలోనే 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారీ సాధ్యమైంది, స్ప్రూ చికిత్సలో ఫోలిక్ ఆసిడ్ ముఖ్యమైన మందుగా నిలిచింది.

నీళ్ల లెక్క చూస్తే ఈ వ్యవస్థ పొదుపు అర్థమవుతుంది. మనం తాగేది, తినేదానిలో ఉండేది కలిపి రెండు లీటర్లు. లాలాజలం, పొట్ట రసం, పైత్యం, క్లోమరసం, పేగు రసం కలిపి ఇంకో ఏడు. మొత్తం తొమ్మిది లీటర్లు రోజూ చిన్నపేగులోకి దిగుతాయి. దాదాపు ఏడెనిమిది లీటర్లను చిన్నపేగే వెనక్కి పీల్చుకుంటుంది, మిగతా పనిని పెద్దపేగు చూసుకుంటుంది. చివరికి మలంతో పోయేది నూరు, రెండు నూర్ల మిల్లీలీటర్లే. ఈ లెక్కలో కాస్త తేడా వచ్చినా లూజ్ మోషన్స్. కలరా క్రిమి విషం పేగు కణాల్లో ఉప్పు తలుపులు తెరిచి పెట్టేస్తుంది, ఉప్పు వెంట నీళ్లు ధారగా బయటికి పోతాయి. మేడారం జాతర లాంటి చోట లక్షల మంది ఒకే చోట తాగే నీళ్ల గురించి, క్లోరిన్ గురించి అంత హడావిడి ఎందుకంటే ఇందుకే.

విచిత్రం ఏమిటంటే కలరాలో కూడా పేగు గోడలో ఒక తలుపు చెడిపోదు. చక్కెర, ఉప్పు కలిసి వస్తేనే తెరుచుకునే తలుపు అది. ఒక గ్లూకోజు అణువు రెండు సోడియం అయాన్లతో కలిసి లోపలికి పోతుంది, వాటి వెంట నీళ్లు పోతాయి. ఓఆర్ఎస్ రహస్యం ఇంతే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బొంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీళ్లను డ్రమ్ముల్లో కలిపి తాగించారు. అప్పటిదాకా నూటికి ముప్పై మంది చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకు దిగింది. చనిపోయిన తర్వాత, 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

అయినా మన ఊళ్లలో మోషన్స్ పట్టిన మనిషికి చేతికి సూది గుచ్చి "గ్లూకోజ్ ఎక్కిస్తే" తప్ప వైద్యం జరిగినట్టు అనిపించదు. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా సెలైన్ కావాల్సిందే. తాగగలిగిన మనిషికి మాత్రం ఓఆర్ఎస్ చాలు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ స్పూన్. చక్కెర ఎక్కువైతే మంచిది అనుకోకూడదు. కూల్ డ్రింకు లాంటి చిక్కటి తీపి పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది, మోషన్స్ పెరుగుతాయి. ఉప్పు వేసిన గంజి ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. గంజిలోని పిండి పేగు గోడ దగ్గర మెల్లగా గ్లూకోజుగా విడిపోయి అదే తలుపు గుండా ఉప్పును తీసుకుపోతుంది.

చిన్నపేగు దాటాక ఒకటిన్నర మీటరు పెద్దపేగు. మొదట్లోనే చిటికెన వేలంత ఉండుకం (అపెండిక్స్) వేలాడుతుంటుంది. అది వాస్తే నొప్పి మొదట బొడ్డు చుట్టూ తెలుస్తుంది, కొన్ని గంటలకు కుడివైపు కిందికి దిగుతుంది. ఆ మొదటి గంటల్లో ఇదీ గ్యాస్ ఖాతాలోకే పోతుంది.

నిజమైన గ్యాస్ తయారయ్యేది ఇక్కడే. పప్పులు, చిక్కుళ్లలో ఉండే కొన్ని చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మనకు లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరతాయి. అక్కడ ఒంటిలోని బాక్టీరియాలో అత్యధిక భాగం కాపురం ఉంటుంది. 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషిలో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మనిషి కణాలు 30 లక్షల కోట్లు. అన్ని బాక్టీరియాలనూ తూస్తే మాత్రం పావుకిలో కూడా ఉండవు. అవి ఆ చక్కెరలను పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతాయి. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా గ్యాస్ బయటికి పోవడం ఆరోగ్యమే. వాసనకు కారణమైన గంధకపు వాయువులు అందులో నూటికి ఒక వంతు కూడా ఉండవు. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉబ్బరం కొంత తగ్గుతుంది. పాలు తాగితే ఉబ్బేవాళ్లకు కారణం వేరు: పెద్దయ్యాక పాల చక్కెరను విడగొట్టే ఎంజైమ్ తగ్గిపోవడం దక్షిణాదిలో చాలా మామూలు. వాళ్లకే సల్ల సుఖంగా దిగుతుంది, తోడులోని బాక్టీరియా ఆ చక్కెరను ముందే కొంత తినేసి ఉంటుంది.

అలాగని ఈ పులియబెట్టడాన్ని తిట్టుకోనక్కర్లేదు. పీచు పులిసినప్పుడు పుట్టే బ్యూటిరేట్ అనే ఆమ్లమే పెద్దపేగు గోడకు ముఖ్యమైన తిండి. మక్కగట్క, జొన్నరొట్టె తిన్నవాళ్ల పేగుకు అది దండిగా అందుతుంది. సొంత దారి ఎంత వేగంగా నడుస్తోందో చూసుకోవడానికి మక్క కంకి కూడా పనికొస్తుంది. గింజ పొట్టు సెల్యులోజు కాబట్టి జీర్ణం కాకుండా అలాగే వస్తుంది. ఎన్ని గంటలకు కనిపించిందో చూస్తే చాలు. ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా మామూలే. అందులో ఎక్కువ సమయం పెద్దపేగుదే.

ఈ దారంతటికీ సొంత నరాల వల ఉంది, పది నుంచి యాభై కోట్ల నరకణాలు. తల నుంచి ఆజ్ఞ రాకపోయినా అది పేగును నడపగలదు. తినకుండా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి పొట్ట నుంచి కింది దాకా ఒక అల ఊడ్చుకుంటూ పోతుంది. ఆకలికి కడుపులో వినిపించే గుర్రు అదే. తలకూ ఈ వలకూ మధ్య మాటలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి పరీక్ష రోజు టెన్షన్‌కు మోషన్స్ అవుతాయి, పొద్దుగాల చాయ్ పడగానే పెద్దపేగు కదులుతుంది. పొట్టలో ఏదైనా పడితే కింద జాగా ఖాళీ చేయమనే కబురు అది.

చివరి మజిలీ పురీషనాళం, దాని కింద మూడు నాలుగు సెంటీమీటర్ల మలద్వార నాళం. లోపలి కండరం మన మాట వినదు, బయటిది వింటుంది. పురీషనాళం సాగినప్పుడు లోపలి కండరం ఒక క్షణం వదులై, వచ్చిందేమిటో కాస్త కిందికి దిగనిస్తుంది. ఆ నాలుగు సెంటీమీటర్ల చర్మంలో నరాల కొనలు ఒత్తుగా ఉంటాయి. వచ్చింది గట్టిదా, నీళ్లదా, ఉత్త గాలేనా అన్నది అవి తడిమి చెబుతాయి. గాలే అయితే బస్సులో పది మంది మధ్య కూర్చున్నా ఎప్పుడు, ఎంత వదలాలో మనిషి లెక్క వేసుకోగలడు. పై నుంచి కింది దాకా ప్రతి నొప్పికీ గ్యాస్ అని పేరు పెట్టే ఒంట్లో, గ్యాస్‌ను ఖచ్చితంగా గ్యాస్ అని గుర్తుపట్టే చోటు ఈ నాలుగు సెంటీమీటర్లు. మోషన్స్ పట్టిన రోజు మాత్రం దాని మాటనూ ఎవరూ నమ్మరు.